మొదటి పోకర్ టోర్నమెంట్: టేబుల్ దగ్గర ఎలా మెలగాలి, ఎలా ఆడాలి

స్నేహితులతో ఇంట్లో హోల్డెమ్ ఆడారు. జత, రెండు జతలు, స్ట్రెయిట్, ఫ్లష్, వీటిలో ఏది దేన్ని కొడుతుందో తడుముకోకుండా చెప్పగలరు. ఇప్పుడు ఫీజు కట్టి టోర్నమెంట్‌లో కూర్చోబోతున్నారు. అక్కడ మీకు కావలసినవి రెండు. ఎప్పుడు ఏం అనాలో, చిప్స్ ఎలా ముందుకు జరపాలో తెలియడం ఒకటి. మీ దగ్గర ఎన్ని బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన తప్పనిసరి పందేలు) మిగిలాయో ఎప్పుడు అడిగినా చెప్పగలగడం రెండోది. మొదటిదాన్ని మర్యాద అంటారు, రెండోదాన్ని వ్యూహం అంటారు. టేబుల్ దగ్గర మాత్రం ఈ రెండూ విడివిడిగా ఉండవు. వరస తప్పి ముక్కలు పారేసినవాడు పక్కవాడి ఆట చెడగొడతాడు. మాట లేకుండా చిప్ వేసినవాడు తన ఆటే చెడగొట్టుకుంటాడు.

ముందు స్ట్రక్చర్ షీట్ చదవండి

టోర్నమెంట్ నడిపేవాళ్లు ఒక షీట్ ఇస్తారు, లేదా గోడకు అంటిస్తారు. మొదట ఎన్ని చిప్స్ ఇస్తారు, లెవెల్ (బ్లైండ్లు పెరిగే ఒక్కో దశ) ఎన్ని నిమిషాలు, ఆంటీ (బ్లైండ్లకు అదనంగా పెట్టే తప్పనిసరి పందెం) ఎప్పటినుంచి, ఏ లెవెల్ దాకా మళ్లీ డబ్బు కట్టి రావచ్చు, ఎంతమందికి బహుమతి: ఇవన్నీ అందులో ఉంటాయి. 20,000 చిప్స్ అన్న అంకె చూసి పొంగిపోకండి. బ్లైండ్లు 100-200 ఉన్నప్పుడు, అంటే చిన్నది 100, పెద్దది (బిగ్ బ్లైండ్) 200 ఉన్నప్పుడు, అది 100 బిగ్ బ్లైండ్లు. 400-800కి చేరేసరికి అవే చిప్స్ 25 బిగ్ బ్లైండ్లు.

ఇక్కడే ఒక లెక్క వేసుకోండి. డీలర్ ఉన్న టేబుల్ మీద గంటకు సుమారు 25 నుంచి 30 హ్యాండ్లు పడతాయి. 20 నిమిషాల లెవెల్ అంటే ఎనిమిదో పదో హ్యాండ్లు, తొమ్మిదిమంది ఉన్న టేబుల్‌కి దాదాపు ఒక్క చుట్టు. ఆసుల జత సగటున 221 హ్యాండ్లకు ఒకసారి వస్తుంది. ఆసులో, రాజులో ఏదో ఒక జత చాలనుకున్నా 110 హ్యాండ్లు ఆగాలి, అంటే దాదాపు నాలుగు గంటలు. ఆలోపు 20 నిమిషాల లెవెళ్లు పన్నెండు మారిపోతాయి. మంచి ముక్కలు వచ్చేదాకా కూర్చుంటానన్న పథకం ఎందుకు నిలబడదో ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

ఫీజు గురించి ఒక మాట: పోయినా ఇంటి ఖర్చుకు తగలని డబ్బే కట్టండి. మీరున్న చోట చట్టం డబ్బుతో పోకర్ ఆడనిస్తుందో లేదో కూడా ముందే తెలుసుకోండి.

కూర్చున్నాక మొదటి ఐదు నిమిషాలు

ఇచ్చిన చిప్స్ లెక్కపెట్టుకోండి. ఇరవై చొప్పున దొంతులు పెట్టండి. పెద్ద విలువ చిప్స్ ముందు వరసలో, అందరికీ కనబడేలా ఉండాలి. ఎదుటివాళ్లు మీ దగ్గర ఎంత ఉందో ఒక్క చూపులో అంచనా వేయగలగాలి, అది వాళ్ల హక్కు. పెద్ద చిప్స్‌ను చిన్నవాటి వెనక దాచడం చాలా చోట్ల నిబంధనకే విరుద్ధం.

ముక్కలు చూసే పద్ధతి ఇంటి దగ్గరే సాధన చేయండి. రెండు ముక్కలూ టేబుల్ మీదే ఉండాలి. ఎడమ అరచేతిని గొడుగులా అడ్డం పెట్టండి. కుడి బొటనవేలితో మూలలు మాత్రం గోరంత పైకి లేపండి. అంకె, రంగు రెండూ ఆ మూలలోనే ఉంటాయి. ఒక్కసారి చూసి దించి, మీద ఒక చిప్ పెట్టండి. ఆ చిప్ అలంకారం కాదు. కాపలా లేని ముక్కల్ని డీలర్ పొరపాటున లాగేస్తే ఆ హ్యాండ్ పోయినట్టే, తిరిగి అడగడానికి ఉండదు.

ముక్కలు పంచగానే చూసేయకండి. మీ వంతు వచ్చేదాకా ఆగండి. ఆ లోపల మీకు ఎడమవైపు ఉన్నవాళ్లు తమ ముక్కలు చూసుకుంటుంటే గమనించండి. వదిలేయబోయేవాడి చెయ్యి అప్పటికే ముక్కల్ని ముందుకు నెట్టడానికి సిద్ధంగా ఉంటుంది. ఆడబోయేవాడు చిప్స్ వైపు ఒక చూపు విసురుతాడు. ఇద్దరు వదిలేస్తారని ముందే తెలిస్తే మీ రైజ్ విలువ పెరుగుతుంది. చేతిలో ముక్కలు ఉన్నంతసేపూ ఫోన్ జేబులోనే ఉండాలి.

ముందు మాట, తర్వాత చెయ్యి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. చిప్స్ తాకకముందు నోటితో చెప్పండి: "కాల్" (ముందున్న పందెంతో సమానం), "రైజ్, పన్నెండు వందలు" (పెంపు), "ఆల్-ఇన్" (ఉన్న చిప్స్ అన్నీ). మీ వంతులో మీరు అన్న మాట మీద నిలబడాలి, ఆ తర్వాత చిప్స్ ఎలా జరిపినా గొడవ లేదు.

నేను దీన్ని నష్టపోయి నేర్చుకున్నాను. బ్లైండ్లు 100-200. నా చేతిలో రాణుల జత. నా ముందు ఇద్దరు 200 పెట్టి లోపలికి వచ్చారు. 1,000కి పెంచుదామని వెయ్యి చిప్ ఒకటి మౌనంగా ముందుకు వేశాను. డీలర్ 800 చిల్లర నా వైపు జరిపి "కాల్" అన్నాడు. ఆయన చేసింది సరైనదే. మాట లేకుండా ఒకే ఒక్క పెద్ద చిప్ వేస్తే, దాని విలువ ఎంతైనా, అది కాల్ మాత్రమే. నలుగురం ఫ్లాప్ (మొదట తెరిచే మూడు ఉమ్మడి ముక్కలు) చూశాం, ఆసు పడింది, బిగ్ బ్లైండ్‌లో ఉన్నాయన బెట్ వేశాడు. నేను పెంచి ఉంటే అతను ఆ బలహీనమైన ఆసును ముందే వదిలేసేవాడని నా నమ్మకం.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు స్ట్రింగ్ బెట్. కొన్ని చిప్స్ పెట్టి, ఎదుటివాడి ముఖం చూసి, మళ్లీ వెనక్కి వెళ్లి మరికొన్ని తెచ్చి పెట్టడం. మొదట పెట్టినవే లెక్కలోకి వస్తాయి. "నీ రెండు వందలు కాల్, ఇంకో అయిదు వందలు" అనడం కూడా చెల్లదు, కాల్ అన్న మాట దగ్గరే మీ పని అయిపోయింది.

రైజ్ ఎంత ఉండాలో కూడా తెలియాలి. ముందున్నవాడు ఎంత పెంచాడో మీరు కనీసం అంత పెంచాలి. బ్లైండ్ 200 ఉండగా ఒకరు 500 చేశారంటే పెంపు 300. మీరు మళ్లీ పెంచాలంటే కనీసం 800. చిప్స్‌ను పాట్‌లోకి (మధ్యలో పోగైన పందేల్లోకి) చిమ్మకండి, మీ ముందు నీటుగా పెట్టండి, డీలర్ లెక్కచూసి లోపలికి తీసుకుంటాడు.

ఈ నిబంధనలు ఊరికో రకంగా ఉండకూడదనే 2001లో టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ ఏర్పడింది. చాలా టోర్నమెంట్లు వాళ్ల నిబంధనల్నే అనుసరిస్తాయి. అయినా స్థానిక సవరణలు ఏమైనా ఉన్నాయా అని మొదలయ్యే ముందు అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

వరస తప్పితే ఏమవుతుంది

ముగ్గురు హ్యాండ్‌లో ఉన్నారనుకోండి. మొదటివాడు బెట్ వేయాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. మూడోవాడికి ఆసక్తి పోయింది, ముక్కలు ఎత్తి పట్టుకుని పారేయడానికి సిద్ధంగా కూర్చున్నాడు. మొదటివాడికి ఇప్పుడు ఒక్కణ్ణే బెదరగొడితే చాలని తెలిసిపోయింది, బెట్ వేశాడు. నష్టపోయింది మధ్యవాడు. మూడోవాడికి దురుద్దేశం లేదు, విసుగే. అయినా అతని విసుగుకు మధ్యవాడు చిప్స్‌తో మూల్యం చెల్లించాడు.

అందుకే వదిలేసే ముక్కల్నీ, ఆడే ముక్కల్నీ ఒకే తీరున పట్టుకోండి, ఒకే వేగంతో నిర్ణయం తీసుకోండి. పక్కవాడికి న్యాయం జరుగుతుంది, మీ నుంచి సమాచారం కూడా బయటికి పోదు. పొరపాటున వంతు రాకముందే మాట్లాడేస్తే, మధ్యలో ఎవరూ బెట్ వేయకుండా, పెంచకుండా ఉంటే ఆ మాటకు మీరు కట్టుబడాల్సిందే.

హ్యాండ్‌లో లేనప్పుడు నోరు కట్టుకోండి

ఫ్లాప్ 7, 7, 2 పడింది. మీరు ఏడు ఉన్న ముక్కలు వదిలేసి ఉన్నారు. "అయ్యో" అనకండి, నుదురు కొట్టుకోకండి, కుర్చీలో వెనక్కి వాలి నిట్టూర్చకండి. ఏడు ఒకటి బయట ఉందని ఆ నిట్టూర్పు అందరికీ చెప్పేస్తుంది, ఏడు ఉన్నట్టు నటిస్తున్నవాడి బ్లఫ్ చచ్చిపోతుంది. ఒక్క హ్యాండ్‌కి ఒక్క ఆటగాడు అన్నది పాత నియమం. పక్కవాడికి సలహా ఇవ్వకూడదు, బోర్డు మీద స్ట్రెయిట్ ఉందని గుర్తుచేయకూడదు.

స్నేహితులతో కలిసి వచ్చినవాళ్లకు ఇంకో మాట గట్టిగా చెప్పాలి. "మనిద్దరం చెక్ చేసుకుంటూ (బెట్ వేయకుండా) పోదాం" అనే ఒప్పందం మోసం కిందికే వస్తుంది. నోటితో అనకపోయినా, మిత్రుడు కదా అని బలమైన ముక్కలతో బెట్ వేయకుండా ఆగడానికీ శిక్ష ఉంటుంది. ఆ టేబుల్ దగ్గర మిగిలిన ఏడుగురూ మీలాగే డబ్బు కట్టి కూర్చున్నారు. మిత్రుడి మీద కూడా అందరి మీద ఆడినట్టే ఆడండి, టీ తాగేటప్పుడు స్నేహంగా ఉండండి.

ముక్కలు తిప్పే వేళ

రివర్‌లో (అయిదో, ఆఖరి ఉమ్మడి ముక్క పడ్డాక) చివరగా బెట్ వేసినవాడు ముందు చూపించాలి. బెట్ లేకపోతే బటన్‌కు (పంచే వంతు ఎవరిదో చూపే బిళ్లకు) ఎడమవైపు మొదట ఉన్నవాడు చూపించాలి. ఎవరైనా ఆల్-ఇన్ అయి, ఇక బెట్లకు అవకాశం లేకపోతే అందరి ముక్కలూ వెంటనే తెరవాలి. గెలిచే ముక్కలు మీ దగ్గరే ఉన్నాయని తెలిసినప్పుడు వెంటనే, రెండూ కలిపి తిప్పండి. తెలిసి కూడా ఆలస్యం చేసి, ఎదుటివాడు గెలిచానని ఊపిరి పీల్చుకున్నాక చూపించడాన్ని స్లో-రోల్ అంటారు. నిబంధన ప్రకారం శిక్ష పడకపోవచ్చు. కానీ ఒక మనిషిని అలా ఏడిపించడం ఏ ఆటలోనూ చేయదగ్గ పని కాదు.

మీ వైపు జాగ్రత్త ఒకటుంది. ఎదుటివాడు "ఫ్లష్" అన్నంత మాత్రాన మీ ముక్కలు పారేయకండి. అతని ముక్కలు టేబుల్ మీద ముఖం పైకి పెట్టి మీ కళ్లతో చూసేదాకా మీవి మీ చిప్ కిందే ఉండాలి. అబద్ధమే చెప్పనక్కర్లేదు, ఆఠీనునీ డైమనునీ కలిపి చూసి పొరబడేవాళ్లు చాలామంది. పారేసిన ముక్కలు చచ్చిన ముక్కలు.

ఓడినప్పుడు డీలర్ మీదికి ముక్కలు విసరకండి, ఆయన పంచాడే తప్ప ఎంచలేదు. చెత్త కాల్ చేసి గెలిచిన కొత్తవాడికి పాఠం చెప్పకండి. అతను అలాగే ఆడుతుంటే మీకే లాభం, పైగా అవమానపడి లేచిపోతే టేబుల్‌కే నష్టం. తగువు వస్తే చిప్స్ ముట్టుకోకుండా ఫ్లోర్‌ని (ఆటను పర్యవేక్షించే అధికారిని) పిలవమని డీలర్‌ని అడగండి. తీర్పు నచ్చకపోయినా ఆట కొనసాగించండి.

చిప్స్ నిండుగా ఉన్నప్పుడు

నలభై బిగ్ బ్లైండ్లకు పైగా ఉన్నంతకాలం మీకు బలం కూర్చున్న చోటు నుంచే వస్తుంది. బటన్ మీద ఉన్నవాడు ఫ్లాప్ తర్వాత ప్రతిసారీ చివర మాట్లాడతాడు, అందరి నిర్ణయాలూ చూసి తన నిర్ణయం తీసుకుంటాడు. అదే మొదట మాట్లాడాల్సిన చోట ఉంటే మంచి జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి, ఒకే రంగు రాజు-రాణి లాంటివి చాలు. బటన్ దగ్గరికి వస్తున్నకొద్దీ జాబితా పెంచండి. మీ ముందు ఎవరూ రాకపోతే బిగ్ బ్లైండ్ మాత్రం పెట్టి లోపలికి దూరకండి. ఆడదగ్గ ముక్కలైతే బిగ్ బ్లైండ్‌కు రెండుంపావు, రెండున్నర రెట్లకు పెంచండి, కాకపోతే వదిలేయండి.

చిన్న జతలతో ఫ్లాప్‌లో మూడోది తగిలేది ఎనిమిదిన్నరసార్లకు ఒకసారే. కాబట్టి కాల్ చేయడానికి పెట్టే మొత్తానికి కనీసం పదిహేను ఇరవై రెట్లు మీ దగ్గరా, ఎదుటివాడి దగ్గరా ఉంటేనే ఆ ఖర్చుకు అర్థం ఉంది.

ఫ్లష్‌కు ఒక ముక్క తక్కువైనప్పుడు చేసే లెక్క కొంచెం ఓపిగ్గా చూద్దాం. పాట్‌లో 2,000 ఉంది, ఎదుటివాడు 1,000 బెట్ వేశాడు. మీరు 1,000 పెట్టి 3,000 కోసం ఆడుతున్నారు, అంటే నాలుగింట ఒకటి, 25 శాతం గెలుపు ఉండాలి. మీకు పనికొచ్చే ముక్కలు తొమ్మిది. ఒక్క ముక్క రావాల్సి ఉంటే రెండుతో, రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో గుణించండి: 18, లేదా 36. అసలు విలువలు 20కి, 35కి దగ్గరగా ఉంటాయి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఫ్లాప్‌లో ఎదుటివాడు ఆల్-ఇన్ అయితేనే మీరు రెండు ముక్కలూ ఇదే ధరకు చూస్తారు, అప్పుడు 35 శాతం ఉంది కాబట్టి కాల్ లాభం. అతని వెనక ఇంకా చిప్స్ ఉంటే టర్న్‌లో (నాలుగో ఉమ్మడి ముక్క పడ్డాక) మళ్లీ బెట్ వేస్తాడు, అప్పుడు లెక్కకు వచ్చేది 20 శాతమే. ఫ్లష్ తగిలాక ఇంకొంత రాబట్టగలరన్న నమ్మకం ఉంటే తప్ప ఆ కాల్ గిట్టదు.

బ్లఫ్ గురించి: ఔత్సాహికుల టేబుల్ మీద తగ్గించండి. చూడ్డానికే వచ్చాం కదా అని కాల్ చేసేవాడి మీద బ్లఫ్ పనిచేయదు. మంచి ముక్కలు ఉన్నప్పుడు మాత్రం మొహమాటపడకుండా పెద్ద బెట్లే వేయండి, వాళ్లు ఇస్తారు.

చిప్స్ పలచబడ్డాక

ఒక చుట్టుకు ఎంత ఖర్చవుతుందో చూడండి. బ్లైండ్లు 500-1,000, బిగ్ బ్లైండ్ ఆంటీ 1,000 అయితే చుట్టుకు 2,500. మీ దగ్గర 15,000 ఉంటే ఏమీ ఆడకుండా ఆరు చుట్లు బతుకుతారు. ఈ ఆరునే ఎమ్ అంటారు. బ్యాక్‌గామన్ అనే పాచికల ఆటలోనూ పేరున్న పోకర్ ఆటగాడు పాల్ మాగ్రియెల్ ఇంటిపేరు మొదటి అక్షరం నుంచి వచ్చింది అది.

పది బిగ్ బ్లైండ్ల దగ్గరికి వచ్చారంటే మీకు రెండే దారులు: మొత్తం తోయడం (ఆల్-ఇన్), లేదా వదిలేయడం. రెండున్నర బ్లైండ్లు పెంచి, ఎవరో తిరిగి పెంచితే వదిలేశారంటే ఉన్నదాంట్లో పావు వంతు పోయింది. అదే పదీ తోశారనుకోండి. అందరూ వదిలేస్తే బ్లైండ్లు, ఆంటీ కలిపి రెండున్నర బ్లైండ్లు మీకు వస్తాయి, ఒక్క ముక్క పడకుండానే మీ దొంతి పావు వంతు పెరుగుతుంది. బటన్ మీద ఉండి ముందు ఎవరూ రాకపోతే ఏ జతైనా, ఏ ఆసైనా, పది పైన ఏ రెండు ముక్కలైనా తోయదగ్గవే. మొదటి చోట ఉంటే అంత చొరవ వద్దు, మధ్యస్థమైన జతలు, ఆసు-జాకీ, ఆ పైవి చాలు.

మూడు నాలుగు బ్లైండ్ల దాకా ఆగకండి. అప్పుడు మీరు తోసినా బిగ్ బ్లైండ్ ఏ ముక్కలతోనైనా కాల్ చేస్తాడు, ఎదుటివాళ్లు వదిలేసే అవకాశమే మీ అసలు ఆయుధం, అది పోయింది. ఇంకోటి: ఏ ముక్కలతో మీరు తోస్తారో అవే ముక్కలతో మరొకరి ఆల్-ఇన్‌ను కాల్ చేయకండి. తోసేవాడికి గెలవడానికి రెండు దారులు, కాల్ చేసేవాడికి ఒక్కటే.

బహుమతికి ఒక్క మెట్టు ముందు

నలుగురు మిగిలారు, ముగ్గురికే బహుమతి: 50, 30, 20 శాతం. నలుగురి దగ్గరా చిప్స్ సమానం. అంటే ఒక్కొక్కరి వాటా విలువ 25. మీకు కుడివైపున్నవాడు ఆల్-ఇన్ అన్నాడు. కాల్ చేసి గెలిస్తే చిప్స్ రెట్టింపు, విలువ కూడా 50 అవుతుందా? కాదు. ఒక్కో స్థానంలో ముగిసే అవకాశాన్ని చిప్స్ నిష్పత్తిలో లెక్కగడితే మీ వాటా సుమారు 38 దగ్గర ఆగుతుంది. ఈ లెక్కకే ఐసీఎమ్ అని పేరు. 25 పణంగా పెట్టి 13 కోసం ఆడుతున్నారు. బ్లైండ్లను పక్కన పెడితే ఆ కాల్ గిట్టాలంటే 65 శాతం గెలుపు కావాలి. వేరే రంగుల ఆసు-రాజుకు, ఎదుటివాడు ముక్కలు చూడకుండానే తోశాడనుకున్నా, ఉన్నది 65 శాతమే. అతని దగ్గర జత ఉంటే సగం కూడా ఉండదు. మామూలప్పుడు కళ్లు మూసుకుని కాల్ చేసే ముక్కలు ఇక్కడ పారేయాల్సినవి.

అదే లెక్కను తిప్పి వాడుకోండి. మీ దగ్గర అందరికన్నా ఎక్కువ చిప్స్ ఉంటే ఇదే పెంచే సమయం, మధ్యస్థంగా ఉన్నవాళ్లు కాల్ చేయడానికి జంకుతారు. మీకన్నా చిన్న దొంతి ఉన్నవాడు ఇంకొకడు ఉంటే ఓపిక పట్టండి. అందరిలో చిన్న దొంతి మీదే అయితే ఓపిక పనికిరాదు. ఈ దశలో అన్ని టేబుళ్లూ ఒక్కో హ్యాండ్‌ను కలిసి మొదలుపెట్టి కలిసి ముగిస్తాయి. అది మొదలయ్యేలోపు కావాలని ప్రతి నిర్ణయానికీ నిమిషాలు లాగేవాళ్లు కొందరుంటారు. మీరు అలా చేయకండి. కష్టమైన నిర్ణయానికి తీసుకునే సమయాన్ని ఎవరూ కాదనరు.

శాటిలైట్ అయితే ఈ లెక్క ఇంకా కఠినం. అందులో బహుమతి డబ్బు కాదు, పెద్ద టోర్నమెంట్‌లో సీటు. మొదటివాడికీ, చివరి సీటు దక్కినవాడికీ ఒకటే. 2003లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌ను, 839 మందిలో, గెలిచిన క్రిస్ మనీమేకర్ అకౌంటెంటు, ఔత్సాహికుడు. ఆన్‌లైన్ శాటిలైట్ ద్వారానే అక్కడికి చేరాడు. సీట్లు పదై, పదకొండుగురు మిగిలి, మీ దొంతి పెద్దదైతే ఆసుల జతనైనా వదిలేయాల్సిన సందర్భాలు ఉంటాయి. చిప్స్ పెంచుకుని అక్కడ ఏం చేసుకుంటారు?

లేచి వచ్చాక

ఆల్-ఇన్ ఓడితే రెండు దొంతులూ లెక్కపెట్టేదాకా లేవకండి. మీ దగ్గర ఎక్కువ ఉండి కొన్ని చిప్స్ మిగిలితే ఆట ఇంకా అయిపోలేదు. నిజంగా అయిపోతే "బాగా ఆడారు" అని చెప్పి లేవండి. ఆసుల జత మీద రాజుల జత అయిదింట దాదాపు ఒకసారి గెలుస్తుంది, అది మీకూ జరుగుతుంది, మీవల్ల ఎదుటివాళ్లకూ జరుగుతుంది.

ఆ రాత్రే ఒక కాగితం తీసుకోండి. మీరు అవుటైన హ్యాండ్, దానికి ముందు చిప్స్ బాగా పోయిన రెండు హ్యాండ్లు రాయండి. బ్లైండ్లు ఎంత, మీ దగ్గర ఎన్ని బిగ్ బ్లైండ్లు, మీరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ముందు ఏం చేశారు, మీరు ఏం చేశారు. రివర్‌లో ఏం పడిందో చివర రాయండి, లేదా అసలు రాయకండి. వారం తర్వాత ఆ కాగితం తీసి, ఆ ముక్క ఇంకా పడలేదనుకుని మీ నిర్ణయాన్ని చదవండి.